గుర్రానికి వాంతి రాదు, ఇంకా పరీక్షలైపోయినా నన్ను వదలని సంగతులు

వెటర్నరీ చదివినవాళ్లని ఎవరినైనా అర్ధరాత్రి నిద్రలేపి పిత్తాశయం లేని జంతువు పేరు చెప్పమంటే, గుర్రం అని చెప్పేసి మళ్లీ పడుకుంటారు. అదే మనిషిని బయోకెమిస్ట్రీలో రాత్రంతా బట్టీపట్టిన ఆ చక్రాల్లో ఏదో ఒకటి గీయమంటే సగంలోనే ఆగిపోతారు. చదివేటప్పుడు ఎక్కువ కష్టపడింది చక్రాలకే, అయినా మిగిలింది మాత్రం గుర్రం పిత్తాశయం. ఇలా ఎందుకా అని చాలాసార్లు ఆలోచించాను. ప్రాక్టీసులోకి వచ్చాక నాకు అర్థమైంది ఏంటంటే, మా పరీక్షల్లో మనసులో నాటుకుపోయే ప్రశ్నలన్నీ ఒక జంతువు మిగతావాటి దారి వదిలి పక్కకు తప్పుకున్న చోట పుట్టినవే. డాక్టరుకి పని పడేది కూడా సరిగ్గా అక్కడే. ఒకదానికి మందైనది ఇంకోదానికి విషమయ్యేది అక్కడే. అందుకే వీటిని సరదా సంగతులు అనడం నాకు పెద్దగా ఇష్టం ఉండదు, సరదాగా ఉన్నా సరే.

పిత్తాశయం సంగతే తీసుకోండి. గుర్రానికి లేదు, ఏనుగుకు లేదు, ఒంటెకు లేదు, జింకల్లో చాలావాటికి లేదు, పావురానికి లేదు. ఎలుకకు లేదు కానీ చిట్టెలుకకు ఉంది! ఈ ఎలుక, చిట్టెలుక తేడా దగ్గర వైవాలో తడబడినవాళ్లు మా బ్యాచ్‌లో చాలామందే ఉన్నారు. గుర్రం రోజంతా కొద్దికొద్దిగా మేస్తూనే ఉంటుంది కాబట్టి పైత్యరసాన్ని దాచిపెట్టుకోవాల్సిన పని లేదు, అది కాలేయం నుంచి నేరుగా పేగులోకి దిగుతూ ఉంటుంది అని క్లాసులో కారణం చెప్తారు. వినడానికి బాగుంటుంది కానీ నాకు ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు, ఎందుకంటే ఆవు కూడా రోజులో ఎక్కువ సేపు మేతలోనూ నెమరులోనూ గడుపుతుంది, దానికి పిత్తాశయం నిక్షేపంలా ఉంది.

గుర్రం వాంతి చేసుకోలేదు అన్నది దీనికంటే చాలా పెద్ద విషయం. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట ఉండే కండరపు వలయం గుర్రంలో చాలా బలంగా ఉంటుంది, పైగా ఆ గొట్టం నిటారుగా కాకుండా ఏటవాలుగా లోపలికి దిగుతుంది. దాంతో జీర్ణాశయం నిండేకొద్దీ ఆ ద్వారం తెరుచుకోవడానికి బదులు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది. ఇంత పెద్ద జంతువుకి జీర్ణాశయం మాత్రం చిన్నది, 8 నుంచి 15 లీటర్లు అంతే. ఇప్పుడు ఈ మూడింటినీ కలిపి చూడండి. చిన్న పేగు ఎక్కడో మెలిపడింది, ద్రవం వెనక్కి తన్నుతోంది, పైకి వెళ్లడానికి దారి లేదు, కిందికి వెళ్లడానికీ లేదు. చివరికి జీర్ణాశయం పగిలిపోతుంది, అది పగిలిన గుర్రాన్ని ఎవరూ బతికించలేరు. అందుకే కడుపునొప్పితో దొర్లుతున్న గుర్రం దగ్గరికి వెళ్లినప్పుడు ముక్కులోంచి గొట్టం వేసి జీర్ణాశయంలో ఏముందో బయటికి లాగడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పనుల్లో ఒకటి. ఒక్క మార్కు ప్రశ్న అనుకుని చదివింది అక్కడ ప్రాణం నిలబెడుతుంది. ముక్కులోంచే ఎందుకు అంటారా, దానికీ ఓ ప్రశ్న ఉంది. గుర్రం మెత్తని అంగిలి చాలా పొడవు, అందువల్ల అది ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది, పరుగెత్తి ఎంత ఆయాసపడినా మనలా నోటితో పీల్చుకోలేదు.

గుర్రం తలలోనే ఇంకోటుంది, నాకు ఆ చదువు మొత్తంలో అన్నిటికంటే భయం పుట్టించిన పాఠం అదే. చెవి నుంచి గొంతులోకి వచ్చే సన్నని గొట్టం మనందరికీ ఉంటుంది కదా, గుర్రంలో ఆ గొట్టం ఉబ్బి రెండు వైపులా రెండు గాలి సంచులుగా తయారైంది. వాటిని గట్టురల్ పౌచ్‌లు అంటాం. ఒక్కోదాంట్లో 300 నుంచి 500 మిల్లీలీటర్ల వరకు పడుతుంది. ఆ సంచి గోడను ఆనుకునే మెదడుకు రక్తం తీసుకెళ్లే లోపలి కెరోటిడ్ ధమని వెళ్తుంది, కొన్ని ముఖ్యమైన నరాలు కూడా వెళ్తాయి. అక్కడ ఆస్పర్జిల్లస్ అనే బూజు చేరిందనుకోండి, అది మెల్లగా ధమని గోడను తినేస్తుంది. మొదట కాసింత రక్తం ముక్కులోంచి వచ్చి ఆగిపోతుంది. అందరూ తేలిగ్గా తీసుకుంటారు. కొన్ని రోజులకో వారాలకో మళ్లీ వస్తుంది, ఈసారి ఆగకపోవచ్చు. "ఊరికే నిలబడి ఉన్న గుర్రానికి ఒక ముక్కురంధ్రం నుంచి రక్తం, ఏమనుకుంటావు?" అని అడిగితే తడుముకోకుండా చెప్పాల్సిన పేరు ఇదే. పరుగు పందెం తర్వాత రెండు రంధ్రాల నుంచి వస్తే అది వేరే కథ, అది సాధారణంగా ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తం.

ఆవుల దగ్గరికి వస్తే నాకు అన్నిటికంటే ఇష్టమైనది పాలజ్వరం. పేరులో జ్వరం ఉంది కానీ జ్వరం ఉండదు, పైగా ఒళ్లు మామూలుకంటే చల్లబడుతుంది, చెవులు పట్టుకుంటే చల్లగా తగులుతాయి. ఎక్కువ పాలిచ్చే ఆవు ఈనిన రెండు మూడు రోజుల్లో రక్తంలో కాల్షియం అంతా పాలలోకి పోయి కూలబడిపోతుంది, మెడ ఒక పక్కకు వంచి తల డొక్కమీద పెట్టుకుని పడుకుంటుంది. ఈ భంగిమ బొమ్మ చూపించి జబ్బు పేరు రాయమంటారు. పరీక్షలో అసలు మెలిక మాత్రం వేరే: కాల్షియం తగ్గితే ఆవు చచ్చుబడిపోతుంది, కానీ పిల్లలకు పాలిస్తున్న కుక్కకు అదే కాల్షియం తగ్గితే కండరాలు బిగుసుకుపోయి వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి, ఒళ్లు కాలిపోతుంది. లోపం ఒకటే, రెండు జంతువులూ పూర్తిగా ఎదురుబొదురు! ఆవులో నరం చివర కబురు మోసే రసాయనమైన అసిటైల్‌కొలిన్ విడుదల కావడానికే కాల్షియం చాలదు, కాబట్టి కబురు కండరానికి చేరదు. కుక్కలో ఆ కబురు చేరుతూనే ఉంటుంది, పైగా నరం పొర నిలకడ తప్పి తనంతట తానే పదేపదే స్పందిస్తుంది. ఈ కారణం ఒకసారి అర్థమయ్యాక నేను దీన్ని మళ్లీ చదవాల్సిన అవసరం రాలేదు. ఇక చికిత్స సంగతి, రక్తనాళంలోకి కాల్షియం మెల్లగా ఎక్కిస్తూ, ఇంకో చేత్తో స్టెతస్కోప్ పట్టుకుని గుండె వింటూ ఉంటే, కాసేపటికి ఆవు ఒళ్లు సన్నగా వణుకుతుంది, త్రేన్పు వస్తుంది, పేడ వేస్తుంది, కొన్నైతే సీసా అయిపోయిన కొద్దిసేపటికే లేచి నిలబడతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ సంతోషం తగ్గలేదు. వైద్యంలో ఇంత త్వరగా, ఇంత స్పష్టంగా ఫలితం కనిపించే చోట్లు చాలా కొద్ది.

అయస్కాంతం సంగతి కూడా చెప్పాలి. ఆవుకు పై దవడ ముందు భాగంలో పళ్లు ఉండవు, అక్కడ గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. మేతను నాలుకతో చుట్టి లాగి, పెద్దగా నమలకుండానే మింగేస్తుంది, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. దాంతో మేతలో మేకులు, తీగ ముక్కలు ఉన్నా తెలియకుండా లోపలికి వెళ్లిపోతాయి. బరువు వల్ల అవి రెటిక్యులం అనే గదిలోకి చేరతాయి. ఈ గదికి ముందు ఉదరవితానం, దానికి అవతల గుండె. అది ముడుచుకున్నప్పుడల్లా తీగ ముందుకు జరుగుతుంది, పొర చీల్చుకుని గుండె సంచిదాకా వెళ్లగలదు. అందుకే ఆవుకు ఒక అయస్కాంతాన్ని మింగిస్తారు, అది అదే గదిలో జీవితాంతం కూర్చుని ఇనుమును తనకు అంటించుకుంటుంది. బయటివాళ్లకు చెప్తే సగం మంది నమ్మరు. ఆవు గుండెలో రెండు చిన్న ఎముకలు ఉంటాయంటే అసలే నమ్మరు, కానీ అదీ నిజమే.

కవలల్లో ఒకటి కోడెదూడ, ఒకటి పెయ్య అయితే ఆ పెయ్య నూటికి తొంభైకి పైగా గొడ్డుగానే మిగులుతుంది, ఎందుకంటే తల్లి కడుపులోనే ఇద్దరి రక్తనాళాలు కలిసిపోతాయి, మగదూడ నుంచి వచ్చిన హార్మోన్లు దీని గర్భాశయాన్ని ఎదగనివ్వవు. కంచరగాడిదకు 63 క్రోమోజోములు, గుర్రానికి 64, గాడిదకు 62. పంది చూలు 3 నెలల 3 వారాల 3 రోజులు. ఇవన్నీ టకటకా వచ్చే మార్కులు, వీటి గురించి ఇంతకంటే చెప్పడానికి ఏం లేదు.

పిల్లి మాత్రం వేరే లోకం. పిల్లిని చిన్న కుక్క అనుకోవద్దు అని మాకు ఫార్మకాలజీ చెప్పినవాళ్లు, మెడిసిన్ చెప్పినవాళ్లు, అందరూ చెప్పారు, నేనూ ఇప్పుడు జూనియర్లకు అదే చెప్తున్నాను. పారాసెటమాల్‌ను మన కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లంతో కలిపి బయటికి పంపేస్తుంది. పిల్లిలో ఆ పని చేయాల్సిన ఎంజైమ్ జన్యువు ఎప్పుడో పాడైపోయింది. తరతరాలుగా మాంసమే తిని బతికే జంతువు కాబట్టి మొక్కల్లోని విషాలను విరగ్గొట్టే ఆ ఏర్పాటు పోయినా దానికి ఏ నష్టమూ తెలియలేదు, మాత్రల కాలం వచ్చేదాకా. ఇప్పుడు ఒక్క మాత్ర, కొన్నిసార్లు అందులో ముక్క కూడా, పిల్లిని చంపగలదు. హిమోగ్లోబిన్ మెట్‌హిమోగ్లోబిన్‌గా మారి ప్రాణవాయువు మోయలేకపోతుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. విరుగుడు ఎన్-అసిటైల్ సిస్టీన్, కానీ దానికీ సమయం ఉండాలి. పిల్లికి ఒళ్లు వేడిగా ఉందని ప్రేమతోనే మాత్ర వేసినవాళ్లను నేను చూశాను, వాళ్లను తిట్టడానికి నోరు రాదు. ఈ ఒక్క ముక్క మాత్రం వెటర్నరీ పుస్తకాలు దాటి పిల్లి ఉన్న ప్రతి ఇంటికీ చేరాలని నా కోరిక.

అదే పిల్లికి తీపి తెలియదు, రుచి మొగ్గలో తీపిని పట్టే రెండు జన్యువుల్లో ఒకటి పనిచేయదు. 2005లో ఇది బయటపడింది. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం లేకపోతే గుండె సాగిపోతుంది, చూపు పోతుంది. రక్తం ఎక్కించడంలో కూడా దాని దారి దానిదే. కుక్కకు మొదటిసారి గ్రూపు కలవని రక్తం ఎక్కించినా చాలావరకు గండం గడుస్తుంది, పిల్లిలో అలా కుదరదు, బి గ్రూపు పిల్లికి ఎ గ్రూపు రక్తం మొదటిసారే, కొద్దిగానే ఎక్కించినా ప్రాణం పోవచ్చు, ఎందుకంటే యాంటీబాడీలు పుట్టుకతో వచ్చినట్టే ముందునుంచీ సిద్ధంగా ఉంటాయి.

చిన్న జంతువుల పేపర్లో నన్ను నిజంగా కదిలించింది ఫెర్రెట్, ముంగిసలా పొడవుగా ఉండే ఒక చిన్న పెంపుడు జంతువు. ఆడ ఫెర్రెట్‌కు మగదానితో కలిస్తేనే అండం విడుదలవుతుంది, పిల్లి, కుందేలు, ఒంటెల్లాగే. కానీ జత దొరక్కపోతే ఫెర్రెట్ ఎద నెలల తరబడి ఆగదు, ఈస్ట్రోజెన్ పెరుగుతూనే ఉంటుంది, ఆ హార్మోనే ఎముకల్లోని మజ్జను అణిచేస్తుంది, రక్తం తయారవడం ఆగిపోయి చచ్చిపోతుంది. జత దొరకలేదన్న ఒక్క కారణంతో ఒక ప్రాణి తన హార్మోను చేతిలోనే చనిపోతుందని చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. గినీ పిగ్ కూడా అంతే బాధ పెడుతుంది. దాని మొదటి కాన్పు ఏడెనిమిది నెలల వయసు దాటాక పడితే కటి ఎముకల మధ్య కీలు అప్పటికే బిగిసిపోయి పిల్లలు బయటికి రాలేవు. పిల్లలు పుట్టడమే పెద్దగా పుడతాయి మరి, వెంట్రుకలతో, తెరిచిన కళ్లతో.

పక్షులకు ఉదరవితానం లేదు. ఊపిరి ఆడాలంటే రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదలాలి, కాబట్టి పక్షిని రొమ్ము దగ్గర గట్టిగా పట్టుకున్నారంటే, మెడ వదిలేసినా సరే, ఊపిరి ఆపినట్టే. ఇంకా విచిత్రం, చాలా పక్షుల్లో రెక్క మొదటి ఎముక లోపల మజ్జ బదులు గాలి ఉంటుంది, అది గాలి సంచులతో కలిసి ఉంటుంది. నరం దొరకని పిల్ల జంతువుకు మేము ఎముకలోకే సెలైన్ ఎక్కిస్తాం కదా, ఆ అలవాటుతో పక్షి రెక్క మొదటి ఎముకలోకి ఎక్కిస్తే ఆ నీళ్లు నేరుగా శ్వాస మార్గంలోకి పోతాయి, పక్షి మునిగి చస్తుంది. రెక్క రెండో భాగంలోని అల్నాలోకి ఎక్కించాలి. ఇది ఒక్క మార్కు ప్రశ్న కాదు, ఇది తెలియనివాళ్లు పక్షిని ముట్టుకోకూడదు అని నా అభిప్రాయం.

విషాల గురించి చదివే టాక్సికాలజీకి వస్తే రక్తం రంగుల ప్రశ్న ఎవరూ మర్చిపోరు. సయనైడ్ విషమైతే రక్తం మెరిసే ఎరుపు, ఎందుకంటే ప్రాణవాయువు రక్తంలో నిండుగా ఉంది కానీ కణాలు వాడుకోలేకపోతున్నాయి. వానల్లేక ఎండి మళ్లీ చిగురించిన లేత జొన్న మేసిన పశువుల్లో చూసేది ఇదే. నైట్రేట్ విషమైతే రక్తం చాక్లెట్ రంగు, పిల్లిలో చెప్పుకున్న ఆ మెట్‌హిమోగ్లోబినే. అసలు అందం ఎక్కడుందంటే, సయనైడ్‌కు పాత విరుగుడు సోడియం నైట్రైట్, అంటే కావాలనే కొంత రక్తాన్ని చాక్లెట్ రంగుకు మార్చి, అది సయనైడ్‌ను పట్టుకునేలా చేయడం, వెనకే థయోసల్ఫేట్ ఇచ్చి దాన్ని బయటికి పంపడం. ఒక విషాన్ని ఇంకో విషంతో కొలిచి కొట్టడం! ఇక రక్తం నల్లగా, గడ్డకట్టకుండా ముక్కు నుంచి, మలద్వారం నుంచి కారుతూ పశువు హఠాత్తుగా చచ్చి పడుంటే కోసి చూడకూడదు. అది దొమ్మరోగం (ఆంత్రాక్స్) కావచ్చు. కోస్తే గాలి తగిలి ఆ క్రిమి స్పోర్లుగా మారుతుంది, ఆ నేలలో అవి దశాబ్దాల పాటు బతికే ఉంటాయి.

మొక్కల్లో రెండు కథలు చెప్పి ఊరుకుంటాను. మొదటిది 14వ రోజు. అమెరికాలోని ఐడాహో గొర్రెల మందల్లో నుదుటి మధ్య ఒకే కన్నుతో గొర్రెపిల్లలు పుట్టేవి. 1950ల చివరి నుంచి శాస్త్రవేత్తలు వెతికితే తేలింది ఏంటంటే, వెరాట్రమ్ కాలిఫోర్నికమ్ అనే మొక్కను తల్లి గొర్రె చూలు కట్టిన 14వ రోజు ప్రాంతంలో మేస్తేనే అలా అవుతుంది, ముందో వెనకో మేస్తే కన్నుకు ఏమీ కాదు. అందులోని సైక్లోపమైన్ పిండంలో హెడ్జ్‌హాగ్ అనే సంకేత మార్గాన్ని ఆపేస్తుంది, కళ్లు రెండుగా విడిపోవాల్సింది ఆ సంకేతం వల్లే. ఆ మార్గాన్నే ఆపే మందు, విస్మోడెగిబ్, 2012లో ఒక రకం చర్మ క్యాన్సర్‌కు ఆమోదం పొందింది. గొర్రెపిల్లల దగ్గర మొదలైన దారి క్యాన్సర్ వార్డుదాకా వెళ్లిందన్నమాట.

రెండోది స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసపు మొక్క. 1920ల్లో కెనడాలో, అమెరికా ఉత్తర ప్రాంతాల్లో పశువులు కొమ్ములు తీసినా, విత్తులు కొట్టినా రక్తం ఆగక చచ్చిపోయేవి. ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే వెటర్నరీ పాథాలజిస్టు, బూజు పట్టిన స్వీట్ క్లోవర్ ఎండుమేత తిన్నవాటికే ఇలా జరుగుతోందని తేల్చాడు. 1933లో విస్కాన్సిన్‌లో ఒక రైతు మంచు తుఫానులో చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తం నింపిన పాల క్యాన్‌ను బండిలో వేసుకుని కార్ల్ లింక్ అనే బయోకెమిస్ట్ ప్రయోగశాలకు వచ్చాడు. కొన్నేళ్లకు అక్కడ రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం డైకౌమరాల్ బయటపడింది, దాని వెనకే వార్ఫరిన్, 1948లో ఎలుకల మందుగా బజారులోకి వచ్చింది, 1950ల్లో మనుషుల గుండె జబ్బులకూ వాడారు. ఇప్పుడు ఆ ఎలుకల మందు తిన్న కుక్కలు మా దగ్గరికి వస్తాయి, మేము విరుగుడుగా విటమిన్ కె1 ఇస్తాం. ఆ ఇంజెక్షన్ సిరంజిలోకి లాగుతున్నప్పుడు నాకు ఆ పాల క్యాన్ గుర్తొస్తుంది.

మా సీనియర్ల పుస్తకాల్లో లేక, మా పేపర్లో కొత్తగా చేరిన ప్రశ్న రాబందులది. పశువుకు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ఇచ్చాక అది చనిపోతే, ఆ కళేబరం తిన్న జిప్స్ జాతి రాబందు మూత్రపిండాలు పాడై, లోపలి అవయవాలన్నిటి మీదా తెల్లటి యూరిక్ ఆమ్లం పేరుకుని, కొద్ది రోజుల్లో చనిపోతుంది. 2004లో ఈ కారణం తెలిసేసరికి దక్షిణాసియాలో మూడు రాబందు జాతులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, 2006లో భారత్, నేపాల్, పాకిస్థాన్‌లలో పశువులకు ఆ మందును ఆపేశారు. ఆవుకు మేలు చేసిన మందే ఇది. డాక్టరు చూస్తున్నది ఒక జంతువునే, ఆ మందు చేరేది మాత్రం ఇంకో జంతువు దాకా. బదులుగా ఏది వాడాలి అని అడిగితే జవాబు మెలోక్సికామ్. అసెక్లోఫెనాక్ అని రాస్తే తప్పు, ఎందుకంటే ఆవు ఒంట్లోకి వెళ్లాక అది డైక్లోఫెనాక్‌గానే మారుతుంది.